పిట్టలకి ఎల్తన్నాం

చిన్నయసూరి మిత్రలాభంలో అందరికీ మిత్రులు దొరుకుతారు. పావురాల రాజు చిత్రగ్రీవుడికి ఎలుక ఉంది. ఆ ఎలుకకు కాకి దొరికింది. కాకి వల్ల తాబేలు, తాబేలు ఉన్న మడుగు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన జింక. నలుగురూ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకునేదాకా కథ నడుస్తుంది. ఇంత స్నేహానికీ మూలమైనవాడు, నూకలు చల్లి వల పన్నిన బోయవాడు, ఒంటరిగా వస్తాడు, ఒంటరిగా పోతాడు. బడిలో ఈ పాఠం విన్నప్పుడు పావురాలు వలతో సహా ఎగిరిపోయినందుకు సంతోషించాం గానీ, ఉత్త చేతులతో ఇంటిదారి పట్టిన ఆ మనిషికి దారిలో మాట్లాడ్డానికి ఎవరైనా ఉన్నారా అని ఎవరమూ అడగలేదు. మాస్టారూ అడగలేదు. పరీక్షలో రాదు కదా.

నాకు ఆ ప్రశ్న విశాఖపట్నం వచ్చాక తోచింది. అక్కడ నేనే బోయవాణ్ణయ్యాను. నాకొక తోడుబోయ కూడా దొరికాడు. సూరిగారి కథ మొదలయ్యే బూరుగు చెట్టు గోదావరి ఒడ్డున ఉంది. మా కథా గోదావరి ఒడ్డునే జరిగిందని నేను వేళాకోళానికి చెబుతుంటాను. స్టీల్ ప్లాంట్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు గోదావరి. దాన్ని వెలిగించింది 1990లో. అంతకు ముందు అయిదేళ్ళపాటు, ఆ ఫర్నేస్ ఒక్కో ప్లేటూ అతుక్కుంటూ పైకి లేస్తున్న రోజుల్లో, మేమిద్దరం ఆదివారాలు ఒక మర్రిచెట్టు కింద పచ్చ గువ్వల కోసం మాటు వేసేవాళ్ళం.

నాది అసలు గోదావరి జిల్లానే. 1984లో ఎరెక్షన్ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరుగా చేరి గాజువాకలో గది అద్దెకు తీసుకున్నాను. స్టీల్ ప్లాంట్ గురించి నాకు తెలిసిందల్లా పేపర్లో చదివిందే. ఉక్కు మా హక్కు అని 1966లో రాష్ట్రమంతా ఊగిపోయింది. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 64 ఊళ్ళ భూమి, 20 వేల ఎకరాల పైచిలుకు. ఆ 64లో ఒక ఊరివాడు మా సైట్లోనే రిగ్గింగ్ ఖలాసీగా ఉన్నాడని, పొద్దున్నే నా పక్కన నిలబడి టీ తాగుతున్నది అతనేనని తెలియడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. అతను చెప్పలేదు. జేబులోంచి బీడీకట్ట తీస్తుంటే ప్లాస్టిక్ కవరులో మడిచిన కార్డు కింద పడింది. నేను తీసి ఇచ్చాను. "ఆర్ కార్డు గురూ," అన్నాడు. ఇల్లూ పొలమూ పోయినవాళ్ళకి ఇచ్చే కార్డు. దాని మీద ఎప్పుడో ఒకప్పుడు పర్మనెంటు ఉద్యోగం వస్తుంది. వచ్చేదాకా పెట్టెలో దాచుకోకుండా జేబులో తిప్పుకునేవాడు. తడుస్తుందేమోరా అంటే, తడిస్తే ఆరబెడతాను, పోతే ఎక్కడ వెతకను అనేవాడు.

అతను నన్ను గురూ అనేవాడు, నేనతన్ని బావా అనేవాణ్ణి. ఆ ప్రాంతంలో వరసలు కలుపుకోవడానికి ముహూర్తం చూడరు.

తుపాకీ ఇద్దరిదీ. వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్లో కనిపించిన సెకండ్ హ్యాండ్ డయానా, జర్మనీ సరుకు. బట్ మీద ఎవరిదో పేరు చెక్కి మళ్ళీ గీకేసిన మచ్చ. 350 రూపాయలు, చెరి సగం. ఎయిర్ గన్ ఎలా పనిచేస్తుందో ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతాను, ఆ సంబరం కొంత ఇప్పటికీ మిగిలే ఉంది. గొట్టాన్ని మధ్యకి విరిచినట్టు కిందికి వంచాలి. లోపల స్ప్రింగు నొక్కుకుపోయి కటక్‌మని ఎక్కడో పట్టుకుంటుంది. నడుం సన్నగా ఉన్న సీసపు పెల్లెట్, అరగ్రాము బరువుంటుందేమో, దాన్ని బొటనవేలితో గొట్టం చివర అదిమి మళ్ళీ మూయాలి. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు విడిపోయి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి పెల్లెట్‌ని తోస్తుంది. మందూ లేదు, మంటా లేదు. పిస్టన్ మూతికి ఒక తోలు వాషర్ ఉంటుంది. అది ఎండిపోతే తుపాకీ దగ్గినట్టు దగ్గి ఊరుకుంటుంది. అందుకని నెలకోసారి రెండు చుక్కల మిషన్ ఆయిల్. మూడు చుక్కలు పడితే తమాషా. నొక్కుకుపోయిన గాలి వేడికి ఆ నూనె అంటుకుని ఢామ్మని పేలి, గొట్టంలోంచి పొగ వస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో జరిగేదీ అదే. మావాడికి ఈ మూడో చుక్కంటే చాలా ఇష్టం. పిట్టలన్నీ పారిపోతాయిరా అంటే, పోనీ అనేవాడు. ఆ 'పోనీ'ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

గురి నాకు కాలేజీ ఎన్‌సీసీలో కొంత వచ్చు. ముందుండే మిట్టని అక్కడ మక్కీ అనేవారు. మా డయానాకి ఆ మక్కీ కాస్త ఎడమకి ఒరిగి ఉండేది. ఆర్కే బీచ్‌లో బెలూన్లు కట్టి కూర్చునే ఒకతను దాన్ని చూసి నవ్వి, "సరిచెయ్యకండి బాబూ, అలవాటు చేసుకోండి" అన్నాడు. తన తుపాకీ మక్కీలు తనే కావాలని వంచుకుంటాడట. పక్క బెలూన్‌కి గురిపెట్టడం నేర్చుకున్నవాడికే అనుకున్న బెలూన్ పేలుతుంది. వ్యాపార రహస్యం అంత ధారాళంగా చెప్పాడు గానీ పదికి ఆరు బెలూన్ల డబ్బులూ వసూలు చేశాడు.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళం. తుపాకీని గోనెసంచిలో చుట్టి సైకిల్ బార్‌కి కట్టడం, కూర్మన్నపాలెం దాకా రోడ్డు, అక్కణ్ణుంచి మట్టి బాట. అప్పటికి ప్రహరీ అన్నిచోట్లా లేవలేదు. లేచిన చోట ఒక కాపలాదారు, ఒక కుక్క, ఒక కుంపటి. "ఎక్కడికి?" అని అతను అడిగేవాడు. మావాడు సైకిల్ దిగకుండానే, "పిట్టలకి ఎల్తన్నాం" అనేవాడు. కాపలాదారు ముఖం విప్పారేది. "వొచ్చినప్పుడు రెండు మాకు పడీండి," అని చెయ్యి ఊపేవాడు. అయిదేళ్ళూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మేం అతనికి ఒక్కటీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

మేం వెళ్ళే ఊరంటే, ఊరు లేదు. ఖాళీ చేసి పోయేటప్పుడు జనం తలుపులు, ద్వారబంధాలు, తాటిదూలాలు, పెంకులు అన్నీ పీక్కుపోయారు. పైకప్పు లేని మట్టిగోడలు నాలుగు వానాకాలాలకే మోకాళ్ళ మీద కూలబడ్డాయి. మెట్లున్న అరుగులు ఉన్నాయి, ఎక్కితే అవతల ఇల్లుండదు. అమ్మోరిని పునరావాస కాలనీకి తీసుకుపోయారు, గద్దె మిగిలింది. దాని మీద తొండ ఎండకి కూర్చునేది. చెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చింతలు, వేపలు, జీడిమామిడి, ఎర్రమట్టి గట్ల మీద తాళ్ళు. ఊరి మధ్యన మర్రి, మర్రి కింద రచ్చబండ. పెద్దలు పంచలు సర్దుకుని కూర్చుని తీర్పులు చెప్పిన ఆ బండ మీద మేం వెల్లకిలా పడుకుని తుపాకీని ఆకాశానికి చూపేవాళ్ళం.

పచ్చ గువ్వని కొట్టడం కష్టం కాదు, చూడటం కష్టం. మామూలు గువ్వలు నేల మీద గింజలేరుకుంటూ ఎదురుగా కనిపిస్తాయి. పచ్చ గువ్వ నేలకి దిగడమే తక్కువ. రావి, మర్రి, జువ్వి, మేడి పళ్ళు ఎక్కడ మాగితే అక్కడ గుంపులుగా దిగి, ఆకుల్లో ఆకులైపోతుంది. అనుమానం వస్తే కదలకుండా బిగుసుకుపోతుంది. నలభై గువ్వలున్న చెట్టు కింద నిలబడి ఈ చెట్టు ఖాళీ అని ఒట్టు పెట్టొచ్చు. ఏదో ఒకటి బెదిరి లేచిందా, రెక్కల టపటపతో చెట్టు సగం గాల్లోకి లేచిపోతుంది.

నేను ఒట్టు పెట్టే రకం. అతను కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. చెవులతో చూసేవాడు. పండు మాగి తనంతట తాను రాలితే నేల మీద ఒకటే చప్పుడు. గువ్వ తెంపబోయి జారవిడిస్తే ముందు ఆకుల్లో గలగల, ఆ తర్వాత చప్పుడు. ఆ గలగల ఎక్కణ్ణుంచో పట్టుకుని, రెండు వేళ్ళెత్తి మెల్లగా చూపించేవాడు. నోటితో చెప్పాల్సివస్తే ఇలా ఉండేది: "మూడో ఊడకి పైన వొంకరకొమ్మ నేదూ, మేం బడెగ్గొట్టి కూకున్నది, దానికి కుడేపు తేనెపట్టుండీ సోటు... అగుపడిందేటి గురూ?" తేనెపట్టు ఇప్పుడు లేదు. బడెగ్గొట్టిన పిల్లలూ లేరు. ఆ గుర్తులు పెట్టుకుని నేనేం వెతకను? అయినా చాలాసార్లు, "కనబడింది" అనేసేవాణ్ణి. సిగ్గు. అలా కనబడిందని చెప్పి ఆకుల్లోకి పేల్చిన పెల్లెట్లు డబ్బాలకి డబ్బాలు. నా గురి తప్పిందని అతను అనుకున్నాడో, అబద్ధమని తెలిసే ఊరుకున్నాడో.

ఆరింటి నుంచి తొమ్మిదింటిదాకా కూర్చుంటే మా మధ్య మాటలు పదో పన్నెండో. చీమ కుట్టిందనీ, దాహమేస్తోందనీ, కింది ఇంటి వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరిందనీ. మిగతాదంతా గువ్వల ఈల. పచ్చ గువ్వ కువకువలాడదు, ఎవరో పాట మొదలుపెట్టి మరిచిపోయినట్టు కిందికీ మీదికీ జారుతూ ఈలవేస్తుంది. ఆ ఈలలో మూడు గంటలు ఎటు పోయాయో తెలిసేది కాదు. తన వంతు వచ్చినా తుపాకీ నా చేతికే ఇచ్చేవాడు. సూపర్‌వైజర్ననే మర్యాద కాబోలనుకున్నాను.

అయిదేళ్ళలో నేను కొట్టినవి 11. మొదటిది బాగా గుర్తుంది. ఊడల మధ్య నుంచి బట్టల మూట జారినట్టు జారి బండ పక్కన పడింది. చేతిలోకి తీసుకుంటే కోడిపిల్లకన్నా వేడి. బూడిదరంగు తల, పచ్చటి వీపు, భుజం దగ్గర వంగపువ్వు రంగు మచ్చ, కాళ్ళు పసుపులో ముంచి తీసినట్టు. కన్ను మాత్రం నేను సిద్ధపడి చూసింది కాదు. నల్లటి పాప, దాని చుట్టూ నీలం వలయం, ఆ నీలం చుట్టూ గులాబీ వలయం. ఒకదాన్ని ఒకటి అంటకుండా, ఎవరో తీరిగ్గా గీసినట్టు రెండు. చూస్తుండగానే రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. గొంతు కింద సంచి మర్రిపళ్ళతో గట్టిగా ఉంది, వేలితో నొక్కితే గింజలు గరగరలాడాయి. ఈకలు ముట్టుకుంటే ఊడొచ్చేశాయి. గువ్వజాతి ఈకలకి పట్టు తక్కువ, అంతకంటే గట్టిగా పట్టుకోవాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ రాలేదేమో.

మహాభారతం శాంతిపర్వంలో ఒక పావురం, వానకి తడిసి చెట్టుకిందికి చేరిన బోయవాడికి అతిథి మర్యాద చెయ్యడానికి తనే మంటలో దూకుతుంది. అది చూసి ఆ బోయవాడికి విరక్తి కలిగి వలా బుట్టా పారేస్తాడు. తిక్కనగారు తెలుగులోకి తెచ్చిన ఆ కథ నాకు తెలుసు. తెలిసి కూడా నాకే విరక్తీ కలగలేదు. గదికి తీసుకెళ్ళి అల్లం వెల్లుల్లి దట్టించి వండుకున్నాం. గువ్వ మాంసం ఇద్దరికి మూడేసి ముద్దలు. కారం తక్కువైందని మాత్రం ఇద్దరమూ విచారించాం.

ఇక్కడొకటి సూటిగా చెప్పాలి. మేం చేసింది నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మా కాలంలో దాని నాలుగో షెడ్యూలులో గువ్వలూ పావురాలూ ఉండేవి, గోపురాల మీదా గోదాముల మీదా ఉండే మామూలు పావురం ఒక్కటి తప్ప. అప్పట్లో చిన్న వేటకి లైసెన్సు పద్ధతి ఉండేది, 1991 సవరణతో ఆ తలుపూ మూసేశారు. తలుపు తెరిచి ఉన్న రోజుల్లోనే మేం దాన్ని తట్టలేదు. ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా అని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉంటే అక్కర్లేని మాట నిజమే. కొనడానికి అక్కర్లేదు. దాన్ని గువ్వ వైపు తిప్పితే మాత్రం అది ఇంకో చట్టం కిందికి వస్తుంది. ఇంగ్లండులో అడవి పావురం పంటలకి చీడ, షరతులకి లోబడి రైతు కొడితే తప్పులేదంటారు. మా మర్రి మీది గువ్వలు ఎవరి పంటా తినలేదు. తినడానికి ఆ ఊళ్ళో పంటే లేదు. విచిత్రమేమిటంటే అప్పటి చట్టం వదిలేసిన ఆ మామూలు పావురాన్నే మనవాళ్ళు కొట్టరు. గుడి పావురమని దండం పెడతారు. పోర్టులో ఒలికిన గోధుమలూ బియ్యమూ తిని పొట్ట ఈడ్చుకు నడిచే పావురాలు ఎన్ని లేవు! ఏ ఖలాసీ వాటి మీద రాయి వేయగా నేను చూడలేదు.

సలీం అలీ కూడా చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో పిచ్చుకని కొట్టినవాడే. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి ఇదేం పిట్ట అని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళాడు. అక్కడే ఆయన దారి తిరిగింది. తన జీవితకథకి ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. మేం కూడా పిట్టల్ని కొట్టాం, మాలో ఎవరమూ సలీం అలీ కాలేదు. ఇదేం పిట్ట అని మేం అడగలేదు, ఎన్ని మసాలాలు అని అడిగాం. మా విశాఖ కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు అమెరికా పక్షిశాస్త్రవేత్త డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి విశాఖ కనుమల పక్షుల మీద రాసిన వ్యాసం అదే సొసైటీ పత్రికలో 1987, 1988 సంచికల్లో వచ్చింది. సరిగ్గా మా ఆదివారాల కాలం. ఒకే జిల్లాలో ఒకళ్ళు లెక్క రాస్తుంటే ఇద్దరం కొట్టివేతలు వేస్తున్నాం. ఇంకోటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గువ్వజాతిలో ఆడదీ మగదీ రెండూ గొంతుసంచిలో పాలలాంటిది ఊరించి పిల్లల నోట్లో పోస్తాయట. మర్రిపళ్ళు మాగే ఎండాకాలమే వాటికి గూళ్ళ కాలం. నా 11 గువ్వల వెనక ఎన్ని గూళ్ళు ఎదురుచూశాయో, ఆ లెక్క నేను వేయను.

2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో ప్రభుత్వం అడిగితే జనం ఎయిర్ గన్లు తెచ్చి అప్పగించారని చదివాను. రెండు వేలకి పైగానే వచ్చాయట. తరాలుగా వేట తెలిసిన పల్లెలవి. ఆ వరసలో నిలబడి తుపాకీ బల్ల మీద పెట్టినవాళ్ళ ముఖాలు చూడాలనిపించింది. వాళ్ళు అప్పగించింది ఇనుమూ చెక్కా మాత్రమే అయ్యుండదని నా అనుమానం. నా అనుమానానికి కారణం ఒక రోలు.

అది మే నెల. ముందురోజు రాత్రి గాలివాన కొట్టి వెలిసింది. పొద్దున్నే నేను కొట్టిన గువ్వకి దెబ్బ తగిలింది గానీ పడలేదు. ఒంటి రెక్కతో ఏటవాలుగా జారుతూ కూలిన గోడల వైపు పోయింది. దెబ్బతిన్న పిట్టని వదిలేసి రాకూడదని అతని నియమం. ఇద్దరం వెతికాం. సీమతుమ్మ ముళ్ళు, పసిరిక తుప్పలు, పెంకుముక్కలు. నేను అటు నుంచి వస్తుంటే అతను ఒక పాడుగోడ అవతల వంగి కూర్చుని ఉన్నాడు. దొరికిందనుకుని పరిగెత్తాను. గువ్వ లేదు. నేలలో పాతిన రుబ్బురోలు. పెకలించడానికి ఎవరో గుంట తవ్వి, కాక, వదిలేసినట్టు చుట్టూ ఒరిసి ఉంది. రోటి గుంట నిండా రాత్రి వాననీళ్ళు, ఆ నీళ్ళలో రెండు మర్రాకులు. అతను ఆకులు తీసి పక్కన పెట్టాడు. చేత్తో నీళ్ళు తోడి పారబోశాడు. అడుగున మిగిలిన తడిని చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి, అరచెయ్యి లోపల పెట్టి గుండ్రంగా తిప్పాడు, పిండి ఉందా అని చూసేవాళ్ళు తిప్పినట్టు.

"మా అమ్మమ్మది. ఆవిడి కాలంలోనే నున్నగైపోనాది," అన్నాడు.

"తీసుకెళ్దామా?" అన్నాను.

ఇద్దరం పట్టాం. కదిలింది గానీ లేవలేదు. సైట్లో ముప్పై టన్నుల ప్లేట్లు ఎత్తించే మా ఇద్దరికీ చెయిన్ బ్లాకు లేకపోతే రోలు లేవదని తెలిసి నవ్వొచ్చింది. వచ్చేవారం గునపాలు తెద్దామన్నాను. "ఒగ్గీ గురూ. కాలనీలో మిక్సీ ఉంది," అన్నాడు. గువ్వ దొరకలేదు. చీకటి పడేదాకా వెతుకుదామన్నవాడు పదింటికే ఇంటికి పోదామన్నాడు. దారిలో కాపలాదారు పడ్డాయా అని అడిగితే, "నేదు, ఎగిరిపోయినాయి" అని చెప్పాడు.

ఇంత జరిగినా నాకు అర్థం కాలేదు. నేను వేటగాణ్ణి కదా, గువ్వ దొరకలేదనే దిగులు నాది.

మన మగవాళ్ళకి ఊరికే పక్కపక్కన కూర్చోవడం రాదు. చేతిలో ఏదో ఒకటుండాలి. పేకముక్కలుండాలి, బీడీ ఉండాలి, మేఘాద్రిగెడ్డ గట్టున గాలం ఉండాలి. ఏమీ లేకుండా ఇద్దరు మగాళ్ళు మూడు గంటలు చెట్టుకింద కూర్చుంటే ఊరు అడుగుతుంది: ఏమైందిరా, అప్పులా, ఇంట్లో గొడవలా? తుపాకీ పక్కనుంటే ఎవరూ అడగరు. వేట అనే మాటకి అంత గౌరవం ఉంది. మన భాషలో వేట అన్నా వేటే, అమ్మోరికి కొట్టే మేకా వేటే. నాకు ఆ అయిదేళ్ళ ఆదివారాల్లో నిజంగా కావలసింది ఈల వింటూ నోరు మూసుకుని ఒకడి పక్కన పడుకోవడమే. దానికి అద్దె 11 గువ్వలు కట్టాను. ఎక్కువే కట్టాను.

అతను కట్టిన అద్దె వేరు. "మా ఊరు చూసుకోడానికి ఎల్తన్నాను" అని చెబితే ఆ కాపలాదారు ఏమనేవాడు? మంచివాడే, పంపించేవాడేమో. కానీ ఒకసారి పంపేవాడు, రెండుసార్లు పంపేవాడు. మూడోసారి జాలిగా చూసేవాడు. అయిదేళ్ళపాటు ప్రతి ఆదివారం జాలిగా చూపించుకోవడం ఎవడికి చేతనవుతుంది? పిట్టలకి ఎల్తన్నాం అంటే పిట్టలకి వెళ్ళినట్టే. తిన్నగా ఊళ్ళోకి పోవచ్చు, రచ్చబండ మీద పడుకోవచ్చు, బడెగ్గొట్టి కూర్చున్న కొమ్మని తలెత్తి మూడు గంటలు చూడొచ్చు. పక్కన గోదావరి జిల్లా నుంచి వచ్చిన వెర్రివాడొకడు తుపాకీ పట్టుకుని ఉంటే చాలు.

1990 తర్వాత మా వేట దానంతటదే ఆగిపోయింది. ప్రహరీ మూసుకుంది. ఫర్నేస్ వెలిగింది. అతనికి కార్డు మీద పర్మనెంటు ఉద్యోగం వచ్చి షిఫ్టుల్లో పడ్డాడు. నేను కంపెనీతోపాటు ఇంకో రాష్ట్రానికి పోయి, పదేళ్ళకి మళ్ళీ విశాఖ వచ్చి సీతమ్మధారలో స్థిరపడ్డాను. ఒకే నగరంలో ఉంటూ ఏడాదికోసారి, పెళ్ళికో చావుకో కలిసేవాళ్ళం. కలిస్తే మాటలు బోలెడు, పిల్లల చదువులు, షుగరు, ప్లాంటు అమ్మేస్తారా ఉంచుతారా. అన్ని మాటలు మాట్లాడి ఇంటికొస్తే ఏదో ఎండిపోయినట్టుండేది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం కొట్టిన రోజు ఫోన్ చేసి, "మన గన్నే గురూ!" అని అరిచాడు. అవును, అదే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. అరమిల్లీమీటరు చుక్కని పట్టుకునే గురి మాత్రం మనది కాదన్నాను. "నీ గురికేటి, నీ కళ్ళే నేవు," అన్నాడు. అంటే తెలుసన్నమాట.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నగరంలో నిలబడ్డ చెట్లకన్నా పడ్డవి ఎక్కువ కనిపించాయి, మిగిలినవాటికి ఆకు లేదు. నాలుగు రోజులకి ఫోన్లు కలిశాయి. ఇల్లెలా ఉంది, అందరూ బాగున్నారా అని నేను అడిగేలోపే అతనన్నాడు: "మర్రి పోనాది గురూ." డ్యూటీకి వెళ్తూ చూశాడట. వేళ్ళతో సహా పెకలించుకుని రచ్చబండ మీదికి పడిందట. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో రెండు వైపులా ఊపిరి. 1989 తర్వాత అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. నాకు ఆ ఊరు, ఆ రోలు, ఆ 'పోనీ', తన వంతు తుపాకీ నాకు ఇవ్వడం, అన్నీ అప్పుడొక్కసారిగా తెలిశాయి. మందబుద్ధి అనుకుంటే అనుకోండి.

తుపాకీ మా అటక మీద ఉంది. సగం వాటా అతనిది కాబట్టి పారేసే హక్కు నాకు లేదని మా ఆవిడతో అంటుంటాను. తోలు వాషర్ ఎండి బెరడులా అయిపోయింది.

కిందటి మాఘంలో అగనంపూడి దగ్గర కాలనీలో వాళ్ళింటికి వెళ్ళాను. రిటైరయ్యాడు. ఒక కంట్లో శుక్లం తీయించుకున్నాడు, రెండోది ఎండలు తగ్గాక అని వాయిదా వేస్తున్నాడు. భోజనాలయ్యాక మేడ మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. పక్కింటి వాళ్ళ వేపచెట్టు పిట్టగోడ మీదికి వాలి ఉంది. కోడలు టీ పెట్టి పోయింది. టీ తాగాం. ఫ్లాస్కులో ఇంకా ఉందా అని చూశాం, లేదు. చేతిలో ఏమీ లేకుండా కూర్చున్నాం.

కొంతసేపటికి అతను కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కుడిచెయ్యి మెల్లగా లేచింది, రెండు వేళ్ళు, వేపకొమ్మల్లోకి.

"అగుపడిందేటి గురూ?"

చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆకులు, ఆకుల వెనక ప్లాంటు వైపు పొగమంచు.

"కనబడింది బావా," అన్నాను.